65 అక్షరాల కూలి

అమెరికా డాక్టర్ల మాటలను అక్షరాల్లో పెట్టే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షనిస్టుల పనిలో సగాన్ని యంత్రం తీసేసుకుంది. మిగిలిన సగమే కష్టమైనది. దానికి దక్కేది మాత్రం సగం రేటు

2008లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో ఒక ఆస్పత్రి నుంచి మధుమేహం ఉన్న మహిళను పునరావాస కేంద్రానికి పంపుతూ డాక్టరు డిశ్చార్జి సమ్మరీ చెప్పారు. ఆమెకు ఇవ్వాల్సిన లెవెమిర్ ఇన్సులిన్ 8 యూనిట్లు. డాక్టరు గొంతు రికార్డయింది. ఆ ఫైలు కాంట్రాక్టరు నుంచి సబ్ కాంట్రాక్టరుకు చేతులు మారి ఇండియాకు చేరింది. ఇక్కడ టైపయ్యేసరికి 8 కాస్తా 80 అయింది. డాక్టరు చూసి సంతకం పెట్టకముందే ఆ కాగితం పునరావాస కేంద్రానికి వెళ్లింది. అక్కడివారు కాగితంలో ఎంతుంటే అంతా ఇచ్చారు. రోగి గుండె ఆగింది, ఆమె కోలుకోలేదు. 2012 డిసెంబర్‌లో జ్యూరీ ఆ కుటుంబానికి 14 కోట్ల డాలర్లు చెల్లించాలని తీర్పు చెప్పింది.

లైనుకు 2 సెంట్లు ఆదా చేసుకోవడానికి ఆస్పత్రి ఈ పనిని బయటికి పంపిందని వాది తరఫు న్యాయవాదులు వాదించారు. ఆస్పత్రి బాధ్యత ఎంత, కంపెనీల బాధ్యత ఎంత అన్న చర్చ చాలా జరిగింది. ఆ ఫైలును చెవిన పెట్టుకుని కూర్చున్న మనిషికి లైనుకు ఎంత ముట్టేది, ఆ రోజు అది ఎన్నో ఫైలు అని మాత్రం పెద్దగా ఎవరూ అడగలేదు. అసలు సంగతి అక్కడే ఉంది.

అలాంటి మనుషులు మనకు దూరంలో లేరు. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై ఆఫీసుల్లో ఉన్నట్టే చిన్న ఊళ్లలో, ఇళ్లలోని గదుల్లో కూడా ఉన్నారు. పుదుచ్చేరిలో కడలూరు రోడ్డును ఆనుకుని ఉండే ముదలియార్‌పేటలో ఒక అద్దె ఇంటి మేడమీద గది అలాంటిదే. అక్కడ ఉంటున్న మహిళది యానాం. పటం మీద యానాం మన గోదావరి జిల్లాల మధ్య ఉన్నా పాలన పుదుచ్చేరిది. 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న రాజధానికి చదువుకో, ఉద్యోగానికో, బదిలీ మీదో యానాం వాళ్లు వస్తూపోతూ ఉంటారు. ఆమె బీఎస్సీ జువాలజీ చదివి, హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఈ పని మొదలుపెట్టి, పెళ్లయ్యాక భర్త ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చి ఇంటి నుంచే చేస్తున్నారు. రోగుల వివరాలు బయటపెట్టనని సంతకం చేసిన ఒప్పందం ఉంది కాబట్టి పేరు రాయవద్దన్నారు. ఇంట్లో తెలుగు, ఇంటి ఓనరుతో తమిళం, హెడ్‌ఫోన్‌లో అమెరికా ఇంగ్లీషు.

గదిలో చూడటానికి పెద్దగా ఏమీ ఉండదు. కంప్యూటర్, హెడ్‌ఫోన్, కరెంటు పోతే పనికొచ్చే ఇన్వర్టర్, టేబుల్ కింద కుట్టుమిషను తొక్కుడు బిళ్లను గుర్తుచేసే ఫుట్ పెడల్. కాలితో ఒక పక్క నొక్కితే ఆడియో నడుస్తుంది, ఇంకో పక్క నొక్కితే వెనక్కి వెళ్తుంది. చేతులు కీబోర్డు వదలకుండా ఉండటానికే ఈ ఏర్పాటు. ఈ వృత్తిలో ఎక్కువగా అరిగేది వెనక్కి తిప్పే వైపేనని ఆమె నవ్వుతూ చెప్పారు.

వేసవిలో అమెరికా తూర్పు తీరంలో సాయంత్రం ఆరు గంటలైతే ఇక్కడ తెల్లవారుజాము మూడున్నర. చలికాలంలో ఇంకో గంట తేడా. డాక్టరు ఓపీ ముగించుకుని రోజంతా చూసిన రోగుల గురించి గబగబా చెప్పేసి ఇంటికి వెళ్లిపోతారు. ఆయన నిద్రలేచేసరికి కాగితాలు సిద్ధం. 1990ల మధ్యలో హెల్త్‌స్క్రైబ్ లాంటి కంపెనీలు బెంగళూరులో దుకాణం తెరిచినప్పుడు అమ్మిన సౌకర్యం ఇదే: భూమి తిరగడమే పెట్టుబడి. తర్వాత ఆస్పత్రులకు ఆ వేగమూ చాలలేదు. కొన్ని రిపోర్టులు రెండు మూడు గంటల్లో కావాలన్నారు. దాంతో పగటి పని కాస్తా రాత్రి పని అయింది.

ఈ వ్యాపారంలో అలా డిక్టేషన్ ఇచ్చే డాక్టరును డిక్టేటర్ అనే పిలుస్తారు. పొలిటికల్ సైన్సు చదివినవారికి మొదట నవ్వొస్తుంది గానీ, కాసేపు విన్నాక ఆ పేరులో తప్పేమీ లేదనిపిస్తుంది. డిక్టేటర్లలో తింటూ చెప్పేవాళ్లుంటారు, కారు నడుపుతూ చెప్పేవాళ్లుంటారు. వాక్యం మధ్యలో నర్సుతో మాట్లాడి, తిరిగి వచ్చి ఇంకో వాక్యం మధ్యలోంచి మొదలుపెట్టేవాళ్లుంటారు. వీటిలోంచి రోగి చెప్పుకున్న బాధేమిటి, డాక్టరు చూసిందేమిటి, అనుమానించిందేమిటి, రాసిన మందేమిటి అని విడదీసి, అమెరికా ఆస్పత్రి కోరిన పద్ధతిలో కూర్చి పెట్టాలి. అనుభవం ఉన్నవారికి ఒక నిమిషం ఆడియోకు మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. కొత్తవారికి పది నిమిషాలైనా ఆశ్చర్యం లేదు.

ఒక చిన్న విశేషం. అమెరికాలో ఇంగ్లీషు మాతృభాష కాని డాక్టర్ల ఫైళ్లను కష్టమైనవాటిగా లెక్కేస్తారు. గుంటూరు, కాకినాడ, విశాఖ మెడికల్ కాలేజీల్లో చదివి అక్కడ స్థిరపడ్డ డాక్టర్లు ఎందరో ఉన్నారు కదా, వాళ్ల ఫైళ్లూ ఆ కోవలోకే వస్తాయి. అక్కడి టైపిస్టు తల పట్టుకునే ఆ ఇంగ్లీషు ముదలియార్‌పేటలోని యానాం చెవికి మంచినీళ్లు తాగినంత తేలిక. మాటను సాగదీసే దక్షిణాది రాష్ట్రాల తెల్లడాక్టర్ల దగ్గరికి వచ్చేసరికి ఆమెకు చెమటలు పడతాయి.

టైపింగ్ వేగం ఈ పనిలో మొదటి మెట్టు మాత్రమే. ఒకప్పుడు మన ఊళ్లలో వీధికో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఇంగ్లీషు హయ్యర్ పాసైతే గవర్నమెంటు ఉద్యోగం గ్యారంటీ అనుకునేవాళ్లు. అక్కడ ఎదుట రాసి ఉన్నదాన్ని కొట్టాలి. ఇక్కడ వినబడినదాన్ని నమ్మకూడదు. సెలబ్రెక్స్ కీళ్లనొప్పుల మందు, సెరిబిక్స్ మూర్ఛ మందు, సెలెక్సా డిప్రెషన్ మందు. హైడ్రలజీన్ బీపీ తగ్గిస్తుంది, హైడ్రాక్సిజిన్ దురద తగ్గిస్తుంది. డిస్ఫేజియా అంటే మింగుడు పడకపోవడం, డిస్ఫేసియా అంటే మాట తడబడటం. చిన్నపేగు చివరి భాగమైన ఇలియం, తుంటి ఎముక అయిన ఇలియం ఉచ్చారణలో ఒకటే, స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా. బీపీ ఎక్కువైతే హైపర్, తక్కువైతే హైపో. డాక్టరు ఆవలిస్తూ చెబితే రెండూ ఒకేలా ఉంటాయి. ఫిఫ్టీన్‌కూ ఫిఫ్టీకీ మధ్య ఉన్నది ముక్కులోంచి వచ్చే ఒక చిన్న శబ్దం. రోగికి చక్కెర ఎంతుంది, వయసెంత, ముందు పేరాలో ఏ మందు చెప్పారు అన్నది గుర్తుంచుకుని, దాన్నిబట్టి ఈ శబ్దం ఏమై ఉంటుందో తేల్చుకోవాలి. చేతిరాత విషయంలో అమెరికా ఆస్పత్రులకు ఈ బాధ ముందే తెలుసు. యూనిట్ అనడానికి ఇంగ్లీషు యూ అక్షరం ఒక్కటే రాస్తే సున్నాలా కనబడి 8 కాస్తా 80 అవుతోందని, ఆస్పత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2004లోనే దాన్ని వాడకూడని రాతల జాబితాలో పెట్టింది. చెవి విషయంలో అలాంటి జాబితా ఒక్కటి రాసి గోడకు అంటించడం కుదరదు.

ట్రైనింగులో నేర్పే మొదటి పాఠం: తెలియకపోతే ఖాళీ వదులు, ఊహించి రాయకు. ఖాళీ వదిలి, ఆడియోలో ఎన్నో సెకను దగ్గర ఆ మాట ఉందో గుర్తు పెడితే పై స్థాయిలో క్వాలిటీ వాళ్లు వింటారు. వాళ్లకూ అర్థం కాకపోతే డాక్టరునే అడుగుతారు. పద్ధతి బాగానే ఉంది. అయితే ఎవరి ఫైళ్లలో ఎన్ని ఖాళీలు వస్తున్నాయన్నదీ కంపెనీ లెక్కపెడుతుంది. ఖాళీలు ఎక్కువైతే స్కోరు పడిపోతుంది, స్కోరు పడిపోతే ఫైళ్లు తగ్గుతాయి. ఊహించవద్దని చెప్పే నోరే ఊహించమని తోస్తుంది.

అన్నిటికీ మూలం కూలి లెక్క. ఈ పరిశ్రమకు కొలమానం లైను. లైనంటే కాగితం మీద కనబడే పంక్తి కాదు, 65 ఇంగ్లీషు అక్షరాలు. మాటకూ మాటకూ మధ్య ఖాళీని కూడా అక్షరంగా లెక్కపెట్టాలా వద్దా అని అమెరికాలో ఏళ్ల తరబడి వాదులాడుకున్నారు. కంటికి కనబడే నల్లటి అక్షరాన్నే లెక్కపెట్టాలని 2000ల దశకంలో పరిశ్రమ సంఘాలే ఒక ప్రమాణాన్ని సిఫారసు చేశాయి. ఆ రంగంలో అప్పట్లో అతిపెద్ద కంపెనీ అయిన మెడ్‌క్విస్ట్, లైన్లను అసలు లెక్కకంటే ఎక్కువ చూపి ఆస్పత్రులకు బిల్లులు వేసిందన్న ఆరోపణల్లో చిక్కుకుని, 2008లో అమెరికా న్యాయశాఖతో రాజీ చేసుకుంది. లైనంటే ఏమిటో తేల్చడం ఎంత డబ్బుతో కూడిన వ్యవహారమో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

అమెరికాలో ఆ లైనుకు ఆస్పత్రి చెల్లించేది సెంట్లలో. మధ్యలో ఎన్ని చేతులుంటే అన్ని చోట్ల తరుగు పోయి, ఇక్కడి ఇంటికి వచ్చేసరికి అది రూపాయిలోపు పైసలవుతుంది. 2003 అక్టోబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కు కరాచీ నుంచి ఒక మహిళ ఈమెయిల్ పంపింది. నాకు రావాల్సిన బకాయి ఇప్పించండి, లేకపోతే మీ రోగుల రికార్డులు ఇంటర్నెట్‌లో పెడతాను అన్నది దాని సారాంశం. అసలు తమ ఫైళ్లు పాకిస్థాన్ వెళుతున్నాయనే ఆస్పత్రికి తెలియదు. కాలిఫోర్నియా కంపెనీ ఫ్లోరిడాకు, ఫ్లోరిడా నుంచి టెక్సాస్‌కు, అక్కడి నుంచి కరాచీకి పని జారుతూ వెళ్లింది. అప్పట్లో అమెరికాలో గగ్గోలంతా రోగుల గోప్యత గురించే. బెదిరించడం నేరమే, అందులో వాదన లేదు. ఆ ఈమెయిల్‌కు కారణమైన కూలి బాకీ మాత్రం వార్తలో కింది పేరాలకు పోయింది.

ముదలియార్‌పేట గదిలో లైను లెక్క ఎలా పనిచేస్తుందో చూద్దాం. కొత్తగా మార్కెట్లోకి వచ్చిన ఒక స్టెంట్ పేరు డాక్టరు మింగేశారు. అది ఏమిటో వెతికి పట్టుకోవడానికి ఆమెకు ఇరవై నిమిషాలు పట్టిందనుకోండి. ఆ ఇరవై నిమిషాలకు వచ్చే కూలి ఆ పేరులో ఉన్న అక్షరాలది మాత్రమే. 8 తర్వాత సున్నా ఉందా లేదా అని ఆడియోను నాలుగుసార్లు వెనక్కి తిప్పి వింటే, తేలేది ఒక్క అక్షరం. లైనులో 65వ వంతు. లైను వేళ్లు కదిలిన లెక్క చెబుతుందే గాని, చెవి పడిన కష్టాన్ని లెక్కలోకి తీసుకోదు. అనుమానం వచ్చి ఆగినవారికి నష్టం, ఆగకుండా పోయినవారికి లాభం. అలబామాలో జరిగినదాన్ని ఒక టైపిస్టు నిర్లక్ష్యం అని కొట్టిపారేసేముందు ఈ గుణకారం కూడా చేసి చూడాలి.

ఈ మాట ముదలియార్‌పేటలో కూర్చుని అనుకోవడంలో ఒక విచిత్రం ఉంది. ఇది మిల్లుల పేట. 1898లో మొదలైన ఆంగ్లో ఫ్రెంచ్ టెక్స్‌టైల్స్, స్థానికుల నోట ఏఎఫ్‌టీ, ఇక్కడే కడలూరు రోడ్డు మీద ఉంది. ఒకప్పుడు పుదుచ్చేరి నేతమిల్లులు వేలమందికి అన్నం పెట్టేవి. 1936 జూన్‌లో ఫ్రాన్సులో కార్మికులు వారానికి 40 గంటల పనిని సాధించుకున్నారు. అదే ఫ్రెంచి జెండా కింద ఉన్న పుదుచ్చేరి మిల్లుల్లో మాత్రం రోజుకు 8 గంటల పని కోసం సమ్మె కట్టాల్సి వచ్చింది. ఆ ఏడాది జులై 30న సవానా మిల్లు కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. 12 మంది చనిపోయారు. కమ్యూనిస్టు నాయకుడు వి. సుబ్బయ్య ముందుండి నడిపిన ఆ పోరాటం తర్వాతే ఫ్రెంచి ప్రభుత్వం 8 గంటల పనిదినానికి ఒప్పుకుంది. ఆసియాలో ఇదే మొదటిదని పుదుచ్చేరి వాసులు గర్వంగా చెప్పుకుంటారు. ఇప్పటికీ జులై 30న అమరులకు నివాళులర్పిస్తారు.

ఆ తర్వాత మిల్లులే మిగల్లేదు. ఏఎఫ్‌టీని 1980ల్లో పుదుచ్చేరి ప్రభుత్వమే తన చేతిలోకి తీసుకుంది. 2011 డిసెంబర్ 30న వచ్చిన థానే తుపాను దాన్ని చావుదెబ్బ కొట్టింది. 2020లో అధికారికంగా మూతపడింది. మిల్లు కార్మికుడు కొట్లాడి సంపాదించింది పనికి గంటల లెక్క. గంటైతే దానికి మొదలూ చివరా ఉంటాయి, ఎక్కువైతే ఓవర్‌టైం అడగొచ్చు. అదే పేటలో ఇప్పుడు మేడమీద గదిలో జరిగే పనికి గంట లేదు, లైనే. ఎన్ని గంటలు కూర్చుంటే ఆ లైన్లు వస్తాయన్నది ఆమె సొంత వ్యవహారం.

చట్టం ఏమంటోంది? 1948 నాటి కనీస వేతనాల చట్టమైనా, దాని స్థానంలో 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ అయినా, పీసు రేటు మీద చేసే పనికీ కనీస వేతనం రక్షణ ఉండాలనే అంటున్నాయి. అయితే ఆ రక్షణ ఉద్యోగికి. ఇంటి నుంచి చేసేవారిలో చాలామందికి ఇచ్చే డబ్బు కాగితాల మీద జీతం కాదు, ప్రొఫెషనల్ ఫీజు. డాక్టరుకో లాయరుకో ఇచ్చే పద్దు కిందే టీడీఎస్ కోసుకుని ఇస్తారు. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు, ప్రసూతి సెలవు లేదు. ఇళ్లలో చేసే పనికీ మిగతా కార్మికులతో సమానంగా హక్కులుండాలంటూ అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే ఒక ఒడంబడిక చేసింది. ఇండియా దాన్ని ఇంతవరకూ ఆమోదించలేదు. బీడీలు చుట్టే మహిళల గురించి, అప్పడాలు ఒత్తే మహిళల గురించి మాట్లాడేటప్పుడు గుర్తొచ్చే ఆ కాగితం కంప్యూటర్ ముందు కూర్చున్నవారి విషయంలో గుర్తుకు రాదు. చదువుకున్నవాళ్లు కదా అని మనమూ అనుకుంటాం, వాళ్లూ అనుకుంటారు.

వాళ్లు అలా అనుకోవడానికి కారణం ఉంది. ఈ పని మన ప్రాంతానికి కూలిగా రాలేదు, ఐటీగా వచ్చింది. 1999, 2000 సంవత్సరాల్లో హైదరాబాద్ అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల పక్కనే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ బోర్డులు వెలిశాయి. డిగ్రీ ఉంటే చాలు, ఇంగ్లీషు వస్తే చాలు, ఇంట్లో కూర్చుని డాలర్లు సంపాదించవచ్చన్న తరహా ప్రకటనలకు కొదవలేదు. బైపీసీ చదివి మెడిసిన్ సీటు రానివాళ్లకు డాక్టర్ల ప్రపంచానికి ఇదొక దొడ్డిదారిలా కనబడింది. వేలకు వేలు ఫీజులు కట్టారు. నేర్పినవాళ్లలో చాలామందికి అమెరికా డాక్టరు గొంతు అసలు ఎలా ఉంటుందో తెలియదు. చాలా ఇన్‌స్టిట్యూట్లు రెండు మూడేళ్లలో బోర్డులు తిప్పేశాయి. నిలబడిన కంపెనీల్లో నిలబడిన మనుషులు మాత్రం ఈ విద్యను నిజంగానే పట్టుకున్నారు. 2008లో రామన్ కుమార్ స్థాపించిన సీబే సిస్టమ్స్, భారత్‌లో టైపు చేయించే ఒక మధ్యస్థాయి కంపెనీ, ఫిలిప్స్ దగ్గరున్న మెడ్‌క్విస్ట్ మెజారిటీ వాటాను కొనేసినప్పుడు ఇక ఈ రంగం మనదేనన్న ధీమా వచ్చింది.

అప్పటికే ఇంకో అతిథి గుమ్మంలో ఉంది.

డాక్టరు మాటను యంత్రమే అక్షరాల్లోకి మార్చే స్పీచ్ రికగ్నిషన్ మొదట్లో నవ్వుల పాలైంది. 2000ల చివరికి నవ్వు ఆగింది. యంత్రం ముందు ఒక ముతక ప్రతి తయారుచేస్తుంది, మనిషి ఆడియో వింటూ దాన్ని దిద్దుతుంది. దిద్దిన ప్రతిని చూసి యంత్రం నేర్చుకుంటుంది. ట్రాన్స్‌క్రిప్షనిస్టు పేరు ఎడిటర్‌గా మారింది. పేరు పెరిగి రేటు తగ్గింది. టైపు యంత్రమే చేసింది కదా, దిద్దడమే కదా అన్నది కంపెనీల తర్కం. లైను రేటు సుమారు సగానికి పడింది.

దిద్దడమే అంటే ఎంతో ఒక అధ్యయనం కొలిచింది. బోస్టన్, కొలరాడోల్లోని రెండు పెద్ద ఆస్పత్రి వ్యవస్థల నుంచి 217 డిక్టేషన్లను తీసుకుని పరిశీలించి, 2018లో అమెరికా మెడికల్ అసోసియేషన్ వారి జామా నెట్‌వర్క్ ఓపెన్ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. యంత్రం ఇచ్చిన ముతక ప్రతిలో నూటికి 7.4 మాటలు తప్పు. ట్రాన్స్‌క్రిప్షనిస్టు చూశాక ఆ తప్పులు 0.4కు దిగాయి. ఆపైన డాక్టరు చదివి సంతకం పెట్టాక 0.3. అంటే నూటికి ఏడు తప్పులను తీసింది పైసల్లో కూలి తీసుకునే మనిషి. సంతకం పెట్టే మనిషి తీసింది 0.1. ఈ అంకెలను చూసి ఎవరి రేటు సగం చేయాలో నిర్ణయించమంటే, ఆ నిర్ణయం కంపెనీలు తీసుకున్నట్టు ఉండదు.

పైగా దిద్దడం టైపు చేయడంకన్నా తేలిక అనుకోవడం పొరపాటు. సొంతంగా టైపు చేసేటప్పుడు చెవి ముందు నడుస్తుంది. యంత్రం రాసిన ప్రతి ఎదుట ఉంటే కన్ను ముందు నడుస్తుంది. యంత్రం అక్షరదోషాలు చేయదు. పొల్లుపోని ఇంగ్లీషులో, నున్నగా, తప్పు మందు పేరు రాస్తుంది. రోగికి జ్వరం లేదు అన్నచోట లేదు అన్న మాట మింగేస్తుంది. చదువుతుంటే అంతా సరిగానే ఉన్నట్టుంటుంది, చెవి కూడా కన్ను చెప్పినట్టే వింటుంది. రాత్రి రెండు గంటలకు ఆ మాయలో పడకుండా ఉండటమే ఇప్పుడు ఈ ఉద్యోగం. రేటు సగమైంది కాబట్టి అదే డబ్బు రావాలంటే రెట్టింపు లైన్లు చూడాలి. ముదలియార్‌పేట గదిలో ఆమెకు మణికట్టు నొప్పి తగ్గింది, మెడనొప్పి, కళ్లమంట పెరిగాయి.

ఫైలు రాకపోతే అదీ లేదు. 2017 జూన్ 27న నాట్‌పెట్యా వైరస్ ప్రపంచంలోని ఎన్నో కంపెనీలను కుదిపేసినప్పుడు, ఈ రంగంలో పెద్దదైన న్యూయాన్స్ ట్రాన్స్‌క్రిప్షన్ వ్యవస్థ కూడా పడిపోయింది. అమెరికా ఆస్పత్రుల్లో వారాల తరబడి డిక్టేషన్ ఆగిపోయింది. కంపెనీకి నష్టం కోట్ల డాలర్లని ఖాతా పుస్తకాల్లోకి ఎక్కింది. లైను లెక్కన బతికే మనిషికి ఆ వారాలు సున్నా.

డబ్బు ఎటు నడిచిందో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. మెడ్‌క్విస్ట్ వారసురాలైన ఎంమోడల్ 2014లో దివాలా పిటిషన్ వేసి, బయటపడి, 2019లో తన టెక్నాలజీ విభాగాన్ని 3ఎం సంస్థకు సుమారు వంద కోట్ల డాలర్లకు అమ్మింది. మనుషులు చేసే ట్రాన్స్‌క్రిప్షన్ పని మాత్రం ఆ బేరంలోకి రాలేదు, వేరే కంపెనీగా మిగిలింది. న్యూయాన్స్‌ది అదే కథ. 2021లో ట్రాన్స్‌క్రిప్షన్ సేవలను విడదీసి వదిలించుకుంది. మిగిలిన కంపెనీని మైక్రోసాఫ్ట్ 1,970 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ఆ ఏడాదే ప్రకటించి 2022లో చేజిక్కించుకుంది. రెండు బేరాల్లోనూ యంత్రానికి ధర పలికింది. దానికి ఏళ్ల తరబడి దిద్ది దిద్ది చదువు చెప్పినవారు త్రాసు బయటే ఉండిపోయారు.

ఇప్పుడు డాక్టరు విడిగా డిక్టేషన్ ఇవ్వాల్సిన పని కూడా తప్పుతోంది. గదిలో ఫోన్ పెడితే చాలు, రోగితో జరిగిన సంభాషణంతా విని యంత్రమే నోట్సు రాసిస్తుంది. 2009లో ఒబామా ప్రభుత్వం కంప్యూటర్ రికార్డుల కోసం ఆస్పత్రులకు ప్రోత్సాహకాలు ఇచ్చాక డాక్టర్లు రోగి మొహం మానేసి తెర వైపు చూస్తున్నారన్న ఫిర్యాదు పెరిగింది. ఆ బాధకు ఇది మందే, కాదనలేం. అయితే మధ్యలో దిద్దే మనిషి ఉండాలా వద్దా అన్నది ఒక్కో ఆస్పత్రి ఖర్చును బట్టి తేలుతోంది. ఓపెన్ఏఐ సంస్థ తయారుచేసిన విస్పర్ అనే యంత్రాన్ని పరీక్షించిన పరిశోధకులు, సుమారు నూటికి ఒక ఆడియో ముక్కలో ఎవరూ అనని మాటలను అది సొంతంగా కల్పిస్తోందని, వాటిలో 38 శాతం హాని చేయగల కల్పనలని 2024లో వెల్లడించారు. మాటకు మాటకు మధ్య మౌనం ఎక్కువగా ఉన్నచోట కల్పనలు ఎక్కువ. మాట తడబడే రోగి దగ్గర మౌనమే ఎక్కువ కదా. విస్పర్ ఆధారంగా నబ్లా అనే కంపెనీ రూపొందించిన పరికరాన్ని 30 వేల మంది వైద్యసిబ్బంది, 40 ఆస్పత్రి వ్యవస్థలు వాడుతున్నాయని ఆ ఏడాది అక్టోబర్‌లో అసోసియేటెడ్ ప్రెస్ రాసింది. సమాచార భద్రత కోసం అసలు ఆడియోను చెరిపేస్తామని ఆ కంపెనీ చెప్పింది.

ఆడియో చెరిపేస్తారన్న సంగతి చెబితే ముదలియార్‌పేట ట్రాన్స్‌క్రిప్షనిస్టు ఒక్క నిమిషం మాట్లాడలేదు. యంత్రం తప్పు చేయడం ఆమెకు కొత్త కాదు. రోజూ చూసేదే. తిరిగి వినడానికి ఏమీ లేకపోతే 8 అన్నారో 80 అన్నారో ఎవరు చెబుతారన్నదే ఆమె సందేహం.

ఆమె పరిచయస్తుల్లో కొందరు వర్చువల్ స్క్రైబ్‌లుగా చేరారు. అంటే డాక్టరు రోగిని చూస్తున్నప్పుడే ఇక్కడి నుంచి వింటూ నోట్సు రాయాలి. జీతం నెలకింత అని ఉంటుంది, పని పూర్తిగా రాత్రిపూటే. ఇంట్లో చిన్నపిల్ల ఉండటంతో ఆమెకు అది కుదరలేదు. ఇప్పుడు మెడికల్ కోడింగ్ పుస్తకాలు ముందేసుకున్నారు. జబ్బులకు, చికిత్సలకు అమెరికా బీమా కంపెనీలు కోరే అంకెలు వేసే పని అది. ఇన్నేళ్లుగా విన్న వైద్య పరిభాష అక్కడ పనికొస్తుంది. పరీక్ష ఫీజు డాలర్లలో కట్టాలి, ఉద్యోగం దొరికితే చెన్నైకి మారాలి. కోడింగ్‌లోనూ యంత్రం దిగిందని ఆమెకు తెలుసు. అయినా అక్కడ ఆఫీసు ఉంటుంది, షిఫ్టు ముగిసే వేళ ఉంటుంది, పీఎఫ్ ఉంటుంది అన్నారు.